బూత్ పారిపోయిన దారిలో, నాన్నతో

లింకన్‌ని కాల్చిన జాన్ విల్క్స్ బూత్ 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లో గుర్రం ఎక్కి, 26 తెల్లారగట్ల వర్జీనియాలో ఒక పొగాకు కొట్టంలో దొరికిపోయాడు. వాడికి 12 రోజులు పట్టిన దారి ఇప్పుడు కార్లో రెండు, రెండున్నర గంటలు. ఇన్నేళ్ళ నుంచి వర్జీనియాలో ఉంటూ కూడా మేమెప్పుడూ ఆ రూట్ పట్టుకోలేదు. ఈసారి నాన్న వచ్చారు, ఆయనకి వైట్ హౌస్, మాన్యుమెంట్లు ఒక్క పూటలో బోర్ కొట్టేశాయి. తెనాలిలో పద్య నాటకాలు ఆడిన మనిషి కదా, "ఒక నాటకాలోడు నాటకం హాల్లోనే, నాటకం నడుస్తుండగానే ప్రెసిడెంట్‌ని కాల్చాడు నాన్నా" అనగానే "ఏ సీన్లో?" అని అడిగారు. ఇంకెవరికైనా ఆ ప్రశ్న వస్తుందా చెప్పండి. అలా బయల్దేరాం, నేను, మా ఆయన, నాన్న, వెనక సీట్లో ఒక డబ్బా పులిహోర.

శుక్రవారం, టెన్త్ స్ట్రీట్

ఫోర్డ్స్ థియేటర్ బయటి నుంచి చూస్తే మామూలు ఇటుకల బిల్డింగే. టికెట్ల కంటే పక్కన గరాజ్‌లో పార్కింగ్‌కే ఎక్కువైంది, 28 డాలర్లు. కింద మ్యూజియంలో ఆ పిస్టల్ ఉంది. అద్దాల పెట్టెలో అది చూసి నాన్న "ఇదా!" అన్నారు, గుప్పిట్లో పట్టేంత డెరింజర్, ఒక్కటే తూటా పడుతుంది. గురి తప్పితే రెండో ఛాన్స్ లేదు, అందుకే ఇంకో చేతిలో కత్తి.

పైకెళ్ళి హాల్లో కూర్చున్నాం. ఇక్కడొక మాట చెప్పాలి, ఇప్పుడు మనం చూసే హాల్ లోపలంతా మళ్ళీ కట్టిందే. హత్య తర్వాత గవర్నమెంట్ దీన్ని తీసుకుని ఆఫీసు చేసింది, 1893లో లోపల ఫ్లోర్లు కూలి 22 మంది గుమాస్తాలు చనిపోయారు, ఆ తర్వాత చాలా కాలానికి 1968లో పాత రూపంలో థియేటర్‌గా తెరిచారు. లింకన్ కూర్చున్న ఊగే కుర్చీ కూడా ఇక్కడ లేదు, మిషిగన్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. అయినా సరే ఆయన కూర్చున్న పై బాక్స్ వైపు జెండాలు వేలాడుతుంటే చూపు అటే పోతుంది.

బూత్ ఆ రోజు ఏం చేశాడో గంటగంటకీ దొరుకుతుంది. మధ్యాహ్నం తన ఉత్తరాల కోసం ఇదే థియేటర్‌కి వచ్చాడు (వాడి పోస్టు ఇక్కడికే వచ్చేది), రాత్రికి ప్రెసిడెంటు, జనరల్ గ్రాంట్ వస్తున్నారని అప్పుడే తెలిసింది. గ్రాంట్ చివరికి రాలేదు, భార్యతో న్యూజెర్సీ రైలెక్కేశాడు. బూత్ అద్దె గుర్రం మాట్లాడుకున్నాడు, సర్రాట్ అనే ఆవిడ చేతికి ఒక పొట్లం ఇచ్చి మేరీలాండ్ పంపించాడు, రాత్రి ఎనిమిదింటికి మిగతా వాళ్ళకి పనులు పంచాడు. పావెల్ విదేశాంగ మంత్రి సీవార్డ్‌ని, అట్జెరాట్ వైస్ ప్రెసిడెంట్ జాన్సన్‌ని చంపాలి. పావెల్ ఇంట్లో జొరబడి కత్తితో పొడిచాడు గానీ సీవార్డ్ బతికాడు, అట్జెరాట్ భయపడి తాగుతూ కూర్చున్నాడు.

రాత్రి నాటకం "అవర్ అమెరికన్ కజిన్", కామెడీ. బూత్‌కి ఆ నాటకం బాగా తెలుసు. స్టేజీ మీద హ్యారీ హాక్ అనే నటుడు ఒక్కడే ఉండి ఒక తిట్టు డైలాగ్ కొడతాడు, హాలంతా గొల్లుమంటుంది, ఆ నవ్వులో తుపాకీ చప్పుడు కలిసిపోతుందని లెక్క. సుమారు పదింపావుకి అదే జరిగింది. నాన్న ఇది విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ హాక్ అనేవాడి గతేంటమ్మాయ్? వాడికి జీవితంలో మళ్ళీ ఆ డైలాగ్ నోటొస్తదా" అన్నారు.

గార్డుగా ఉండాల్సిన పోలీసు జాన్ పార్కర్ తన కుర్చీలో లేడు. బూత్ బయట కూర్చున్న నౌకరుకి ఒక కార్డు చూపించి లోపలికెళ్ళి, మొదటి తలుపు వెనక కర్ర అడ్డం పెట్టి బిగించాడు. అది అప్పటికప్పుడు చేసింది కాదు, గోడలో కర్ర పట్టేటట్టు ముందే తొలిచి పెట్టి ఉంది. కాల్చాక, అదే బాక్స్‌లో ఉన్న మేజర్ రాత్‌బోన్ మీద పడితే ఆయన చెయ్యి కోసేసి, సుమారు 12 అడుగుల ఎత్తు నుంచి స్టేజీ మీదకి దూకాడు. బూటు ముల్లు జెండాకి తగులుకుందని, ఎడమ కాలు అక్కడే విరిగిందని చెప్తారు, తర్వాత గుర్రం పడి విరిగిందనే వాళ్ళూ ఉన్నారు. దూకి "సిక్ సెంపర్ టిరానిస్" అని అరిచాడు, నిరంకుశులకి ఎప్పుడూ ఇదే గతి అని. అది వర్జీనియా రాష్ట్రం నినాదం. ఇప్పటికీ మా రాష్ట్రం జెండా మీద ఉంటుంది, మా పిల్లల స్కూలు ముందు రోజూ ఎగురుతూనే ఉంటుంది.

"హనుమంతుడి వేషంలో కూడా నేను అంతెత్తు నుంచి దూకలా" అన్నారు నాన్న. వెంటనే, "వాడు చంపి పారిపోదామని రాలేదమ్మాయ్, చంపి స్టేజీ మీద కనపడదామని వచ్చాడు. పారిపోయేవాడైతే వచ్చిన తలుపులోంచే పోతాడు." ఆ రాత్రి హాల్లో 1,700 మంది దాకా ఉన్నారట. ఈ మాట నాకు ఆ మూడు రోజులూ బుర్రలో తిరుగుతూనే ఉంది.

అదే మధ్యాహ్నం, వెనక సందు, హెచ్ స్ట్రీట్

ముందు నుంచి చూసిన వాళ్ళందరూ రోడ్డు దాటి పీటర్సన్ హౌస్‌కి పోతారు. లింకన్ చనిపోయిన ఇల్లు అది, మర్నాడు పొద్దున 7:22కి. మనిషి ఆరడుగుల నాలుగంగుళాలు, మంచం చాలక అడ్డంగా ఏటవాలుగా పడుకోబెట్టారు. మేము అది చూసి, చుట్టూ తిరిగి ఎఫ్ స్ట్రీట్ వైపు నుంచి వెనక సందులోకి వెళ్ళాం. బాప్టిస్ట్ యాలీ అంటారు, థియేటర్ కాకముందు అది బాప్టిస్ట్ చర్చి కదా. ఒక్క టూరిస్టు లేడు. చెత్త డబ్బాలు, లోడింగ్ డోర్లు, వెనక్కి వస్తున్న ఒక ఉబర్ వ్యాన్. ఇక్కడే స్పాంగ్లర్ అనే స్టేజీ పనివాణ్ణి పిలిచి గుర్రం పట్టుకోమంటే, అతను తన పనుందని వేరుశనక్కాయలమ్మే కుర్రాడికి అప్పజెప్పాడు. ఆ కుర్రాణ్ణి అందరూ పీనట్స్ అనే పిలిచేవాళ్ళు. బూత్ స్టేజీ కిందుగా అవతలికి దాటి, పక్క బార్లో విస్కీ తాగి, ముందు నుంచి హాల్లోకి వెళ్ళాడు. పది నిమిషాల్లో ఈ వెనక తలుపులోంచి బయటికొచ్చి, పట్టుకున్న కుర్రాణ్ణి కత్తి పిడితో కొట్టి గుర్రమెక్కేశాడు. స్పాంగ్లర్‌కి ఆరేళ్ళ జైలు పడింది. గుర్రం ఒక నిమిషం పట్టుకుని వేరేవాడికిచ్చిన పాపానికి ఆరేళ్ళేంటని నాన్న బాధ.

భోజనం చైనాటౌన్‌లో. కావాలనే అక్కడ, ఎందుకంటే హెచ్ స్ట్రీట్‌లో 604 నంబరు బిల్డింగ్ ఒకప్పుడు మేరీ సర్రాట్ నడిపిన బోర్డింగ్ హౌస్, కుట్ర చేసినవాళ్ళు కలిసేది అక్కడే. ఇప్పుడు చైనీస్ రెస్టారెంట్. గోడ మీద లయన్స్ క్లబ్ వాళ్ళు పెట్టిన పలక తప్ప ఏమీ తెలీదు. హాట్ అండ్ సోర్ సూప్‌లో నాన్న ఇంకా మిరియాలు అడిగారు, తెచ్చిచ్చిన పెద్దావిడ నిలబడి మరీ చూసింది తాగగలడా లేదా అని. ఖాళీ చేసి గిన్నె చూపిస్తే బొటనవేలెత్తింది. ముగ్గురికీ టిప్పుతో 52 డాలర్లు. పైన కిటికీలకేసి చూపించి "ఆవిణ్ణి ఏం చేశారు?" అంటే, ఉరి తీశారు నాన్నా, 1865 జూలై 7న, అమెరికా ఫెడరల్ గవర్నమెంట్ ఉరి తీసిన మొదటి ఆడమనిషి అని చెప్పా. "ఇల్లిచ్చినందుకా?" ఇల్లిచ్చినందుకో, ఆ పొట్లం మోసినందుకో, అంతకు మించి తెలిసో, దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

శనివారం, అనకోస్టియా దాటి దక్షిణానికి

పొద్దున్నే లెవెన్త్ స్ట్రీట్ వంతెన దాటాం. అప్పట్లో నేవీ యార్డ్ వంతెన, రాత్రి తొమ్మిది దాటితే మూసేవాళ్ళు. సార్జెంట్ కాబ్ ఆపి పేరడిగితే బూత్ అని అసలు పేరే చెప్పాడు. ఇంత రాత్రి ఎందుకంటే వెన్నెల వచ్చేదాకా ఆగానన్నాడు. కాసేపటికి వాడి వెనక వచ్చిన, కుట్రలో తోడుగాడు హెరాల్డ్ మాత్రం స్మిత్ అని దొంగ పేరు చెప్పాడు. ఇద్దర్నీ వదిలేశారు. మా ఆయన అన్నది నిజమే, అసలు పేరు చెప్పినవాణ్ణి ఎవడనుమానిస్తాడు.

క్లింటన్ ఊరికి అప్పుడు సర్రాట్స్‌విల్ అని పేరు. రోడ్డు పక్కనే ముదురెరుపు చెక్క ఇల్లు, ఎదురుగా స్ట్రిప్ మాల్స్, టైర్ల షాపులు. ఇది మేరీ సర్రాట్ సొంత ఇల్లు, సత్రం, పోస్టాఫీసూ ఇదే. అర్ధరాత్రి ఇక్కడ ఆగి దాచిపెట్టిన రెండు తుపాకుల్లో ఒక్కటే తీసుకున్నారు, కాలు విరిగినోడు రెండోది మోయలేనన్నాడు. విస్కీ కూడా ఇక్కడిదే. సత్రం నడిపే లాయిడ్ అప్పటికే తాగున్నాడు. ఇల్లు చిన్నదే గానీ కాసేపు నిలబడాలనిపించింది.

అక్కడి నుంచి వాల్డార్ఫ్ దాటాక ఫోన్ మ్యాప్ మమ్మల్ని రెండుసార్లు ఒకే పొలం చుట్టూ తిప్పింది, సిగ్నల్ లేదు, రెండు వైపులా ఊదారంగు పూలతో రెడ్‌బడ్ చెట్లు. ముందు ఒక ఆమిష్ గుర్రపు బండి పోతోంది, ఓవర్‌టేక్ చేసే దారి లేక దాని వెనకే మెల్లగా వెళ్ళాం. నాన్న దాన్నే గమనిస్తున్నారు, "ఇదీ వాడి స్పీడు. విరిగిన కాలుతో, చీకట్లో." బండి నడిపే గడ్డపాయన పక్కకి తీసి చెయ్యూపి దారిచ్చాడు. కాస్త ముందర వాళ్ళ స్టాల్లో ఆపిల్ పై, ఒక సీసా ఉల్లి పచ్చడి, 17 డాలర్లు, కార్డు తీసుకోరు, క్యాషే.

డాక్టర్ మడ్ ఇల్లు పొలాల మధ్య ఉంది. తెల్లారి నాలుగింటికి వచ్చి తలుపు కొట్టారట. గైడ్ పాతకాలం గౌను వేసుకున్న పెద్దావిడ, వాలంటీర్. ముందు గదిలో బూత్‌ని పడుకోబెట్టిన సోఫా చూపించింది. డాక్టరు బూటు కోసి తీసి, కాలికి కట్టు కట్టి, మేడ మీద పడుకోబెట్టాడు. నిద్ర లేచి బూత్ మీసం గీయించుకున్నాడు. గైడ్ మాటల్ని బట్టి డాక్టర్ పాపం అమాయకుడు, మనిషిని గుర్తుపట్టలేదు. నాన్న ఆపుకోలేక నన్ను ట్రాన్స్‌లేట్ చేయమన్నారు, "అంతకుముందే ఈ ఊరి చర్చి దగ్గర ఇద్దరూ కలిశారుగదా, మాట్లాడుకున్నారుగదా?" ఆవిడ నవ్వేసి, ఈ ప్రశ్న రోజూ వస్తుందంది, కోపం తెచ్చుకోలేదు. నేనైతే డాక్టర్ గుర్తుపట్టాడనే అనుకుంటున్నా. కోసిన బూటు లోపల పేరు కూడా ఉంది, సైనికులు వారం తర్వాత వచ్చి అడిగితే తీసిచ్చాడు. ఆయనకి యావజ్జీవం పడింది. జైల్లో ఎల్లో ఫీవర్ వచ్చినప్పుడు వైద్యం చేశాడు, 1869లో క్షమాభిక్ష దొరికింది. ఇంకో సంగతి టూర్‌లో త్వరత్వరగా అయిపోయింది, ఈ పొగాకు పొలం నడిచింది బానిసల మీద. మేరీలాండ్‌లో బానిసత్వం రద్దయింది 1864 నవంబర్లో, అంటే బూత్ తలుపు కొట్టడానికి ఆరు నెలల ముందు కూడా కాదు.

పులిహోర బ్రయాన్‌టౌన్ చర్చి దగ్గర కార్లో కూర్చుని తిన్నాం. డాక్టర్ మడ్ సమాధి అక్కడే.

శనివారం సాయంత్రం, బెల్ ఆల్టన్, పోప్స్ క్రీక్

మడ్ ఇంటి నుంచి బయల్దేరాక వాళ్ళిద్దరూ జెకాయా చిత్తడి దగ్గర దారి తప్పారు. ఆస్వెల్ స్వాన్ అనే ఆయన, నల్లజాతి, ఆదివాసీ రక్తం రెండూ ఉన్న స్థానికుడు, రాత్రిపూట దారి చూపించి రిచ్ హిల్ అనే ఇంటికి చేర్చాడు. ఆ ఇంటాయన కాక్స్ వాళ్ళని ఇంట్లో ఉంచుకోలేదు, దగ్గర్లో పైన్ తోపులో దాచాడు. ఇప్పుడు రోడ్డు పక్కన చిన్న బోర్డు ఒకటుంది, కారు ఆపే చోటు కూడా సరిగ్గా లేదు. నేను తోపులోకి నాలుగడుగులు వేసేసరికి మా ఆయన "టిక్స్! టిక్స్!" (రక్తం తాగే పురుగులు) అని అరుపు, వెనక్కి వచ్చేశా.

ఏప్రిల్ 16 నుంచి 20 దాకా ఇక్కడే తడి నేల మీద, మంట కూడా వేసుకోకుండా. గుర్రాలు సకిలిస్తే దొరికిపోతామని వాటిని చంపేశారు. థామస్ జోన్స్ అనే కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో దక్షిణం వైపు) ఏజెంట్ రోజూ రొట్టె, మాంసం తెచ్చేవాడు, బూత్‌కి అన్నిటికన్నా ముందు పేపర్లు కావాలి. పేపర్లు చూస్తే తనని హీరో అన్నవాడు ఒక్కడు లేడు, దక్షిణం వాళ్ళు కూడా తిడుతున్నారు. దాని మీద డైరీలో ఏడుపు రాసుకున్నాడు. ఆ డైరీ నిన్న ఫోర్డ్స్‌లో చూశాం. నాన్నకి అప్పుడు దాని మీద పెద్ద ఇంట్రెస్ట్ లేదు గానీ ఇక్కడ చెట్ల మధ్య నిలబడి "రివ్యూలు చదూకున్నాడన్నమాట" అన్నారు.

జోన్స్ మాత్రం నాకు అర్థం కాని మనిషి. లక్ష డాలర్లిస్తానని ఒక డిటెక్టివ్ తన ముందే అన్నా నోరు విప్పలేదని చాలా ఏళ్ళ తర్వాత తనే చెప్పాడు. పడవకి తీసుకున్నది 18 డాలర్లు, అదీ దాని ఖరీదు మాత్రమే. ఎంత నిజాయితీ, ఎలాంటి పనికి!

పోప్స్ క్రీక్‌లో నది ఒడ్డున పీతల హోటల్. బల్ల మీద గోధుమరంగు పేపరు పరిచి, ఎర్రగా ఓల్డ్ బే మసాలా పట్టిన పీతలు కుమ్మరించి, చేతికో చెక్క సుత్తి ఇచ్చారు. అర డజను 55 డాలర్లు. నాన్న రూపాయల్లోకి మార్చి నాలుగు వేల ఆరొందల పైన అని పైకే అన్నారు, ఆ తర్వాత ఒక్క కాలు వదల్లేదు. "ఉడకబెట్టి మీద చల్లారు గానీ లోపలికి పట్టలా, పులుసు పెట్టాల్సిన సరుకు" అని తీర్పు. వడ్డించే అమ్మాయి నిజాయితీగా చెప్పేసింది, ఇక్కడి పీతల సీజన్ ఇంకా మొదలవుతోంది, ఇవి లూసియానా నుంచి వచ్చినవి అని. కిటికీలోంచి పొటోమాక్ కనిపిస్తోంది, ఇక్కడ దాదాపు సముద్రమే. ఈ ఒడ్డునే కాస్త ఎగువన 20వ తేదీ రాత్రి పడవెక్కి, కొవ్వొత్తి వెలుగులో దిక్సూచి చూసుకుంటూ తెడ్డేశారు. తెల్లారేసరికి తేలింది మళ్ళీ మేరీలాండ్ ఒడ్డునే!

ఆదివారం, వంతెన దాటి వర్జీనియా

నది అవతలికి చేరడానికి వాళ్ళకి 23వ తేదీ అయింది, మాకు నైస్ అనే కొత్త వంతెన మీద రెండు మూడు నిమిషాలు. బూత్ ఊహించుకున్నదంతా వర్జీనియా చేరితే చాలు, నెత్తిన పెట్టుకుంటారని. డాక్టర్ స్టువర్ట్ అనే డబ్బున్న కాన్ఫెడరేట్ అన్నం పెట్టి, పడుకోవడానికి చోటు లేదని పంపేశాడు. దానికి బూత్‌కి వళ్ళు మండి, రెండున్నర డాలర్లు జతచేసి ఎత్తిపొడుస్తూ చీటీ రాసి పంపాడు. ఆ రాత్రి విలియం లూకస్ అనే నల్లజాతి రైతు గుడిసెకి వెళ్ళి, కత్తి చూపించి, ఇంట్లోవాళ్ళని బయటికి తోలి పడుకున్నారు. మర్నాడు లూకస్ కొడుకే బండి కట్టి ఇంకో నది రేవు దాకా దింపాడు. దారి పొడుగునా చూస్తే, ఇష్టపడి తలుపు తీసినవాళ్ళు కొందరు, తియ్యనివాళ్ళు కొందరు, తియ్యనా వద్దా అని అడిగే అవకాశం కూడా లేనిది లూకస్ కుటుంబానికే. నాకు కనిపించిన బోర్డుల్లో ఎక్కడా లూకస్ పేరు చూడలేదు. బూత్ పేరు మాత్రం ప్రతి మలుపులో ఉంది.

పోర్ట్ రాయల్ చిన్న ఊరు, ఆదివారం పొద్దున రోడ్ల మీద మనిషి లేడు. ఒక పెద్దాయన గడ్డి కోసే మెషీన్ ఆపి, మేమడగకుండానే "బూత్ కోసమేగా" అని పేటన్ ఇంటి వైపు చెయ్యి చూపించాడు. ఆ ఇంటావిడ మగవాళ్ళు ఇంట్లో లేరని లోపలికి రానివ్వలేదు. తోడొచ్చిన ముగ్గురు కాన్ఫెడరేట్ సైనికులు అక్కడి నుంచి మూడు మైళ్ళు ముందుకి తీసుకెళ్ళి గ్యారెట్ అనే రైతు దగ్గర, యుద్ధంలో దెబ్బ తగిలిన బాయిడ్ అని చెప్పి దింపారు.

గ్యారెట్ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోటు రూట్ 301 రెండు వైపుల రోడ్ల మధ్య చెట్లలో ఉంది, పక్కన బోర్డు, అరవై డెబ్బై మైళ్ళ స్పీడులో ట్రక్కులు పోతుంటాయి. రోడ్డు అంచున ఆపి దిగితే ఒక్కో ట్రక్కు గాలికి నాన్న టోపీ పట్టుకుని నిలబడ్డారు. రెండో రాత్రి గ్యారెట్ కొడుకులకి అనుమానమొచ్చింది, హంతకుడని కాదు, మా గుర్రాలెత్తుకుపోతారేమోనని. పొగాకు కొట్టంలో పడుకోబెట్టి బయట తాళమేశారు. సైన్యం వచ్చేసరికి హెరాల్డ్ లొంగిపోయాడు, బూత్ రానన్నాడు, కొట్టానికి నిప్పంటించారు, సార్జెంట్ బోస్టన్ కార్బెట్ పలకల సందులోంచి మెడ మీద కాల్చాడు. వరండాలో తెల్లారే దాకా బతికి, తన చేతులు తనకి చూపించమని అడిగి, దేనికీ పనికిరావు అన్నాడట. వయసు 26. శవం చివరికి 1869లో బాల్టిమోర్‌లో వాళ్ళ కుటుంబం స్థలంలోకి చేరింది. అక్కడ పేరు లేని చిన్న రాయి మీద జనం లింకన్ బొమ్మున్న పెన్నీలు పెట్టిపోతారు.

బౌలింగ్ గ్రీన్ అనే ఊళ్ళో పెట్రోల్ పోయించుకుంటుంటే రివార్డు లెక్కలొచ్చాయి. బూత్ తల మీద 50,000 డాలర్లు కదా, మొత్తం ఆ కాల్చినోడికేనా అంటే, కాదు నాన్నా, పంపకాల్లో డిటెక్టివ్ కాంగర్‌కి 15,000, కార్బెట్‌కి 1,653 డాలర్ల 85 సెంట్లు.

"మరి కొట్టం తగలబెట్టారుగా, ఆ రైతుకేమన్నా ఇచ్చారా?"

అడిగాడు, గవర్నమెంట్ ఇవ్వలేదు అని చెప్పా.

"పొగాకు కొట్టం అంటే మాటలా," అని నాన్న ఇంటికొచ్చేదాకా ఆ గ్యారెట్ తరఫునే వాదించారు, మా ఆయన మాత్రం దొంగ పేరు చెప్పినా అడక్కుండా ఎందుకు ఉంచుకున్నాడని గవర్నమెంట్ వైపు. ఐ-95 మీద ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ట్రాఫిక్‌లో గంట కూర్చున్నాం, ఆ గంటా ఇదే గొడవ.